సొట్ట తీయు శాస్త్రము

తెనాలి నుండి రేపల్లెకు పోవు బాటయు, రేపల్లె మీదుగా బాపట్లకు సాగు 216వ నంబరు జాతీయ రహదారియు, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలను ఒకచోట దాటుచు, ఒకచోట వాని గట్ల నానుకొని నడచుచు, వరిచేలకంటె కొంచెము ఎత్తున సాగు బాటలు. ధాన్యపు బస్తాలు నింపిన ట్రాక్టరు ఒకవైపు నుండియు, నిజాంపట్నము రేవున చేపల పెట్టెలు ఎత్తుకొన్న వాను ఇంకొకవైపు నుండియు వచ్చుచుండగా, ఆ రెంటి నడుమ దూరి ముందుకు పోవలెనని త్వరపడిన కారు ఏదో యొకదానికి మూతి తగిలించుకొనుట ఈ ప్రాంతమువారికి వింత కాదు. ఆ తరువాతి కథ అందరికిని తెలిసినదే: బానెట్టు నడిమికి విరిగి పైకి లేచి, రేడియేటరు నీరు కారుచు, ఒక దీపము లోనికి క్రుంగి, ఆ బండి మరియొక బండి వెనుక కట్టించుకొని టింకరింగు షెడ్డు చేరును.

ఆ షెడ్డులో జరుగు పనిని దూరము నుండి చూచువారికి అది సుత్తితో సాగు మోటుపనిగానే తోచును. మెకానిక్కునకున్న గౌరవము టింకరు మేస్త్రికి లేదు. ఇంజను విప్పువాడు తెలివిగలవాడనియు, రేకు కొట్టువాడు కండగలవాడనియు లోకము తలచును. ఈ అంతరము నాకు న్యాయముగా తోచదు. ఇంజనులోని భాగము అరిగినచో దానిని తీసి కొత్తది అమర్చుటకు కంపెనీ పుస్తకములో దారి వ్రాసియున్నది. గుద్దుకొన్న కార్లలో ఏ రెండును ఒకే విధముగా వంగవు గావున, టింకరు మేస్త్రి ప్రతి బండియందును ఒక కొత్త సమస్యను ఎదుర్కొని, బలము ఎటు నుండి వచ్చినది, ఏయే దూలముల వెంట ప్రాకినది, ఎక్కడ ఆగినది అని వెనుకకు ఊహించుకొని, పిమ్మట గాని సుత్తి ఎత్తరాదు. ఆ ఊహకు ఆధారమైన శాస్త్రమును కొంత వివరించుట ఈ వ్యాసోద్దేశము.

గుద్దుకొనుట యనగా ఏమి జరుగుచున్నదో మొదట చూతము. 1000 కిలోగ్రాముల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నపుడు దానియందు సుమారు 1,39,000 జౌళ్ళ గతిశక్తి యుండును. అదే కారును 14 మీటర్ల ఎత్తు నుండి, అనగా నాలుగంతస్తుల మేడ కప్పు మీది నుండి విడిచినచో, నేల తాకు క్షణమున దానికుండు శక్తి కూడ ఇంతయే. వేగము సగమైనచో శక్తి నాలుగవ వంతగును. 30 కిలోమీటర్ల వేగమున అది 35,000 జౌళ్ళకు దిగును. బ్రేకు నొక్కినపుడు ఈ శక్తి నెమ్మదిగా వేడిమిగా మారి చక్రముల వద్ద గాలిలో కలియును. గుద్దుకొన్నపుడు మాత్రము సెకనులో పదవ వంతు కాలములోనే అది వ్యయము కావలెను. వ్యయమగు చోటు బండి యొక్క ఉక్కే. ముడుత పడు ప్రతి రేకును, వంగు ప్రతి దూలమును ఆ శక్తిలో కొంత భాగమును గ్రహించును. గ్రహించిన దానిలో ఇంచుమించు పదింట తొమ్మిది పాళ్ళు వేడిమిగా మారిపోగా, మిగిలిన స్వల్పభాగము లోహము లోపలి అమరికలో చిక్కుకొని నిలిచిపోవును. తరువాత టింకరు మేస్త్రి సుత్తికి ఎదురు తిరుగునది ఈ చిక్కుకొన్న భాగమే.

ముందుభాగము ముడుచుకొనుట దోషమని తలచువారు నేటికిని కలరు. "ఆ రోజులలో అంబాసిడరు ఉండెడిది, గోడకు కొట్టినను చెక్కు చెదిరెడిది కాదు" అని అరుగుల మీద వినబడు మాటలో నిజమున్నది గాని, ఆ నిజము అంబాసిడరునకు పొగడ్త కాదు. చెక్కు చెదరని బండి తాను గ్రహింపని శక్తిని లోపల కూర్చున్నవారి ఎముకలకు అప్పగించును. ఉత్తరపారా కర్మాగారములో 1950ల చివర మొదలై 2014 వరకు తయారైన ఆ కారు, ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాకు అనుసరణమే గాని, ముందుభాగము క్రమముగా నలిగిపోవునట్లు లెక్క కట్టి చేసినది కాదు. ఆ లెక్కకు ఆద్యుడు మెర్సిడెస్ బెంజ్ సంస్థలో పనిచేసిన బేలా బరేన్యి అను ఇంజనీరు. మనుష్యులు కూర్చుండు గది దృఢముగా ఉండవలెననియు, దానికి ముందును వెనుకను ఉండు భాగములు బుద్ధిపూర్వకముగా బలహీనముగా ఉండవలెననియు ఆయన 1951లో పేటెంటు కోరెను; 1959లో ఆ సంస్థ విడుదల చేసిన కారులో ఆ సూత్రము ఆచరణకు వచ్చెను. నేటి మన చిన్న కార్లు సైతము ఆ సూత్రము మీదనే నిర్మితములగుచున్నవి. కావున టింకరు మేస్త్రి ముందుకు వచ్చు బండి చాలసార్లు తన ధర్మమును తాను నెరవేర్చిన బండియే. ఎక్కడ నలుగవలెనో అక్కడ నలిగినది. దానిని చక్కజేయువాడు మరల గుద్దుకొన్నపుడు మరల అట్లే నలుగునట్లు చక్కజేయవలెను. పని యొక్క అసలు కష్టము ఇక్కడనే యున్నది.

ఇక ఉక్కు లోపలికి పోవుదము. ఇనుము కంటికి ఏకఖండముగా కనబడినను, అది అతిసూక్ష్మములైన స్ఫటికముల సముదాయము. ప్రతి స్ఫటికమునందును అణువులు వరుసలు తీరి యుండును. తలుపు రేకును బొటనవ్రేలితో మెల్లగా నొక్కి వదలినచో అది యథాస్థితికి వచ్చును. ఏలయన అణువులు ఒకదానికొకటి కొంచెము దూరమై, బలము తొలగగానే తమ తావులకు చేరును. దీనినే స్థితిస్థాపకత యందురు. ఒక అవధిని మించి నొక్కినచో అణువుల వరుసలు ఒకదానిపై నొకటి జారి, కొత్త తావులలో స్థిరపడును. బలము తొలగినను వెనుకకు రావు. సొట్ట యనగా ఇదియే. అయితే ఒక వరుస మొత్తము ఒక్కసారిగా జారుటకు లెక్క ప్రకారము కావలసిన బలముకంటె ఎన్నో రెట్లు తక్కువ బలముతోనే లోహములు వంగుట శాస్త్రజ్ఞులకు చాలకాలము చిక్కుముడిగా నుండెను. 1934లో టేలరు, ఓరోవాన్, పోలాన్యి అను మువ్వురు వేర్వేరుగా దానిని విప్పిరి. స్ఫటికములయందు అక్కడక్కడ వరుస తప్పిన చోట్లుండును. వానికి డిస్‌లొకేషన్లని పేరు. జారుడు ఆ చోట మొదలై, ఒక కొస నుండి ఇంకొక కొసకు క్రమముగా సాగును. కళ్ళములో పరచిన బరువైన పట్టాను జానెడు జరుపవలెనన్న పాలేరు దానిని మొత్తముగా ఈడ్వక, ఒక అంచున మడత లేపి ఆ మడతను రెండవ అంచుదాక నెట్టుకొని పోవును గదా; ఉక్కు కూడ అట్లే వంగును.

వంగుచున్నకొలది ఈ వరుస తప్పిన చోట్లు తగ్గక, లెక్కకు మిక్కిలిగా పెరుగును. పెరిగి, ఒకదాని దారికి ఒకటి అడ్డుపడి చిక్కుకొనును. అప్పుడు ఆ చోట లోహము మునుపటికంటె గట్టిపడును, గట్టిపడుటతో పాటు పెళుసగును. కట్టుతీగను ఒకేచోట అటునిటు పదిసార్లు వంచి చూచినవారికి ఈ సత్యము అనుభవమే: మొదట సులభముగా వంగిన తీగ క్రమముగా మొరాయించి, తుదకు పుటుక్కున తెగును. కారు రేకునందును మడత పడిన గీత అత్యంత కఠినమైన చోటు. దాని చుట్టునున్న పల్లము చాలవరకు మెత్తగానే యుండును, కొంత భాగము కేవలము మడత పట్టియుంచుటచేతనే క్రుంగి యుండును. అనుభవము లేని కుర్రవాడు పల్లమును చూచి పల్లము నడుమ కొట్టును. అందుచేత మెత్తని చోటు సాగిపోవునే గాని గట్టిపడిన మడత కదలదు. చేయి తిరిగిన మేస్త్రి మొదట మడతను వెదకి, దానిని అంచుల నుండి లోపలికి కొంచెము కొంచెముగా విప్పును. మడత విడిన వెంటనే పల్లములో సగము తనంతట తానే పైకి వచ్చును. తట్టుటకు ముందు చాలసేపు ఊరక చూచుచు కూర్చుండు మేస్త్రిని సోమరియని తలపరాదు.

ఈ రేకు ఎటువంటి ఉక్కు? తెలుగునాట ఉక్కునకు గొప్ప చరిత్ర యున్నది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలయందు కరగించి తీసిన ఉక్కునకై పారశీక వర్తకులు వచ్చెడివారు. ఆ ఉక్కునందు సుమారు ఒకటిన్నర శాతము కర్బనము ఉండుటచేత అది కత్తులకు పదును నిచ్చెను. కారు తలుపు రేకునందు కర్బనము నూటికి పదవ వంతు కూడ ఉండదు. మందము ముప్పాతిక మిల్లీమీటరునకు అటునిటు. (విశాఖ ఉక్కు కర్మాగారము ప్రధానముగా కడ్డీలును, తీగచుట్టలును చేయును గావున ఈ పలుచని రేకు అక్కడిది కాదు.) పెనుకొండ వద్ద 2019లో ఉత్పత్తి మొదలిడిన కియా కర్మాగారము వంటి చోట్ల పెద్ద ప్రెస్సుల క్రింద ఈ రేకును అచ్చులలో నొక్కి బానెట్లు, తలుపులు చేయుదురు. కర్బనము తక్కువగుటచేతనే అది చిట్లక అచ్చులోనికి ప్రవహించును. కర్బనము తక్కువగుటచేతనే టింకరు సుత్తికి లొంగును. ఈ కర్బనము సంగతి మరల వచ్చును.

బండి కట్టడమునందు రెండు జాతులున్నవి. లారీకిని, బొలేరో వంటి జీపు జాతి బండికిని క్రింద నిచ్చెన ఆకారమున చాసీ యుండి, దానిపై బాడీ విడిగా బిగింపబడి యుండును. చిన్న కార్లయందు అట్టి చాసీ లేదు. రేకులను పెట్టెలుగా మడచి, వేల చోట్ల అతికి, బాడీనే బరువు మోయునట్లు చేయుదురు. ఇటలీలోని లాన్సియా సంస్థ 1922లోనే ఈ పద్ధతిని కారునకు పట్టించెను. మన యింటింటికి అది మారుతి 800 రూపమున 1983 డిసెంబరు తరువాత వచ్చెను. చాసీ బండి గుద్దుకొన్నపుడు దెబ్బ తగిలిన చోటనే చాలవరకు ఆగును. బాడీయే ప్రాణముగా గల కారునందో, ముందు దీపము వద్ద తగిలిన దెబ్బ క్రింది దూలము వెంట ప్రాకి, ముందు అద్దపు స్తంభము మొదట చేరి, అక్కడి నుండి కప్పులోనికి పోయి, వెనుక తలుపు సందును కొంచెము మార్చవచ్చును. ముందు గుద్దుకొన్న కారునకు వెనుక తలుపు బిగుసుకొన్నదని యజమాని ఆశ్చర్యపడును, మేస్త్రి ఆశ్చర్యపడడు.

అందుచేతనే కొలతలు. కారు క్రిందిభాగమున కర్మాగారమువారు నిర్ణయించిన రంధ్రములు, బోల్టు తావులు కలవు; అవి ఒకదానికొకటి ఎంతెంత దూరమున నుండవలెనో ప్రతి నమూనాకును పట్టిక యుండును. కొలబద్దతో ఎదురెదురు మూలలు కలిపి రెండు కర్ణములను కొలుచుట మొదటి పరీక్ష. అవి సమానము కానిచో చట్రము ఒక ప్రక్కకు ఒరిగినదని తెలియును. సమానములైనంత మాత్రమున సంతోషింపరాదు: ముందువైపు రెండు ప్రక్కలును సమముగా లోనికి మూసుకొనిపోయినచో చట్రము సమలంబమగును, దాని కర్ణములు కూడ సమానములే. కావున పొడవును, వెడల్పును, అన్నిటికంటె ముఖ్యముగా నేల నుండి ఎత్తును విడివిడిగా కొలువవలెను. చట్రము నడుమ క్రుంగుటయు, త్రాడు పేనినట్లు మెలి తిరుగుటయు కర్ణములకు అందవు. సాధారణముగా 3 మిల్లీమీటర్లకు మించిన తేడాను అంగీకరింపరు. మూడు మిల్లీమీటర్లకు ఇంత పట్టుదల ఏల యన, ముందు చక్రము పైకొసను పట్టియుంచు ఊత 600 మిల్లీమీటర్ల ఎత్తున నున్నదనుకొనుడు; అది 10 మిల్లీమీటర్లు లోనికి ఒరిగినచో చక్రము దాదాపు ఒక డిగ్రీ వాలును. ఆ వాలుతో బండి ఒక ప్రక్కకు లాగును, టైరు ఒక అంచున అరుగును, యజమాని టైరు కంపెనీని తిట్టును.

కొలతలు తెలిసిన పిమ్మట లాగుట. ఒకప్పుడు దీనికి చెట్టు మొదలే ఆధారము. కారు ముక్కునకు గొలుసు తగిలించి, రెండవ కొసను చెట్టునకు కట్టి, బండిని వెనుకకు నడిపెడివారు. ఆ పద్ధతియందు బలమున్నది, నిగ్రహము లేదు. నేడు కొంచెము పెద్ద షెడ్డులలో ఉక్కు బల్లయు, దానిపై కారు తలుపుల క్రింది అంచులను నాలుగుచోట్ల కరచి పట్టు బిగింపులును, లాగుటకు హైడ్రాలిక్ జాకీయు కనబడును. పాస్కలు సూత్రము ఇక్కడ సేవ చేయును: చేతితో 20 కిలోల బలము ప్రయోగించినచో మీట దానిని 10 రెట్లు చేయును, అరచదరపు సెంటీమీటరు ముషలకము నుండి 25 చదరపు సెంటీమీటర్ల ముషలకమునకు నూనె దానిని చేరవేయునప్పటికి మరి 50 రెట్లగును, వెరసి 10 టన్నులు. ఇంత బలమును చేత బట్టినవాడు దానిని ఎటు లాగవలెనో తెలియనిచో, ప్రమాదము చేసిన చెరుపుకంటె ఎక్కువ చెరుపు చేయగలడు. బలము వచ్చిన దారినే, వెనుకకు లాగవలెను. అదియు చివర పడిన వంపును మొదట, మొదట పడిన వంపును చివర. దెబ్బ తిన్న ముక్కును తిన్నగా చేసి పిమ్మట కప్పు సంగతి చూతమనువాడు రెంటిని చెరచును. కప్పునకు చేరిన చివరి వంపే ముందుగా విడువవలెను. ఇక గొలుసునకు సూటిగా ఎదుట నిలిచి లాగించుట ప్రాణాపాయము. పది టన్నుల బిగువున కొక్కెము జారినచో గొలుసు తుపాకి గుండువలె వచ్చును. దానిపై బరువైన కంబళి కప్పుటయు, ప్రక్కకు తొలగి నిలుచుటయు తెలిసిన షెడ్డులలో ఆచారము.

లాగినంత నిలుచునా యన్నచో నిలువదు. వంచిన ఉక్కు వదలగానే కొంత వెనుకకు పోవును. ఆ కొంత ఎంతయో ఉక్కు బలమును బట్టి యుండును. మెత్తని రేకు 200 మెగాపాస్కళ్ళ వద్ద శాశ్వతముగా సాగ మొదలిడుననుకొన్నచో, మీటరు పొడవునకు అది ఒక మిల్లీమీటరు వెనుకకు జారును. 600 మెగాపాస్కళ్ళ గట్టి ఉక్కు మూడు మిల్లీమీటర్లు జారును. ఏలయన మెత్తని ఉక్కైనను, గట్టి ఉక్కైనను స్థితిస్థాపక గుణకము రెంటికిని ఇంచుమించు ఒక్కటే, తేడా యెల్ల లొంగు బలమునందే యున్నది. అందుచేత మేస్త్రి కావలసిన కొలతకంటె కొంచెము ఎక్కువ లాగి, లాగిన బిగువును వదలకయే మడతల చుట్టు సుత్తితో తట్టును. ఆ తట్టుడు చిక్కుకొన్న వరుసలను కొంత సర్దుబాటు చేసి, వెనుకకు జారు స్వభావమును తగ్గించును. లాగుట, ఆపుట, తట్టుట, కొలుచుట, మరల లాగుట: ఓర్పు లేనివానికి ఈ పని పనికిరాదు.

దూలములు తిన్ననైన తరువాత పైరేకు. మేస్త్రి ఎడమచేత డాలీ యనబడు నున్నని ఇనుప దిమ్మను రేకు లోపలివైపున ఆనించి, కుడిచేత సుత్తితో వెలుపలి నుండి తట్టును. దెబ్బ సరిగా దిమ్మపైననే పడినచో రేకు రెంటి నడుమ నలిగి, పలుచనై, వెడల్పున సాగును. దెబ్బ దిమ్మ ప్రక్కన పడినచో మిట్ట దిగును, దిమ్మ ఆనిన పల్లము ఎగయును, రేకు సాగదు. ఎప్పుడు ఏది కావలెనో చెవి చెప్పును: దిమ్మపై పడిన దెబ్బ కణకణ మ్రోగును, ప్రక్కన పడినది మందముగా పలుకును. చదును చూచుటకు కన్ను చాలదు. మేస్త్రి పలుచని గుడ్డను రేకుపై వేసి అరచేతితో నిమురును, గుడ్డ రేకుపై సుళువుగా జారుటచేత చిన్న ఎగుడుదిగుళ్ళు సైతము చేతికి అందును.

దెబ్బలచేత సాగిపోయిన రేకును కుదించుట ఈ విద్యలోకెల్ల ముచ్చటైన భాగము. సాగిన చోట రేకు ఎక్కువై, నొక్కినచో టక్కున లోనికిని, వదలినచో టక్కున పైకిని పోవుచుండును. మేస్త్రి గ్యాసు మంటతో అక్కడ రూపాయి బిళ్ళంత చోటును ఎర్రగా కాల్చి, సుత్తితో రెండు మూడు మార్లు తట్టి, వెంటనే తడిగుడ్డతో అద్దును. వేడి చేసి కుదించుట విరుద్ధముగా తోచును. ఉక్కు ప్రతి డిగ్రీకిని తన పొడవులో పది లక్షలకు 12 పాళ్ళు వ్యాకోచించును. 700 డిగ్రీలకు కాగిన బిళ్ళ వెడల్పునకు పెరుగవలెను గాని, చుట్టునున్న చల్లని రేకు దానిని ప్రక్కలకు పోనీయదు. మెత్తబడిన లోహము గత్యంతరము లేక మందమునకు పెరుగును. చల్లారునపుడో అది అన్ని వైపులకును సమముగా ముడుచుకొని, చుట్టునున్న రేకును తన వైపునకు లాగుకొనును. ఒక్కొక్క బిళ్ళ లాగునది మిల్లీమీటరులో పదవ వంతో, అట్టి రెండు వంతులో. అట్టివి వరుసగా పడగా సాగిన రేకు బిగిసి నిలుచును. ఎర్రని ఉక్కుపై నీరు చల్లినచో అది పెళుసు కాదా యని కొలిమి ఎరిగినవారు అడుగవచ్చును. కోనసముద్రపు ఉక్కైనచో తప్పక అగును. కారు రేకునందు గట్టిపడుటకు చాలినంత కర్బనము లేదు. ఆ లేమియే మేస్త్రికి రక్ష.

ఆ రక్ష ఇప్పుడు కారు అంతటను లేదు. మన దేశమున 2017 అక్టోబరు 1 నుండి కొత్త నమూనాలకును, 2019 అక్టోబరు 1 నుండి అన్ని కార్లకును ముందు నుండి గంటకు 56 కిలోమీటర్ల వేగమున, ప్రక్క నుండి 50 కిలోమీటర్ల వేగమున గుద్దించు పరీక్షలు తప్పనిసరియైనవి. 2023 అక్టోబరు నుండి కార్ల భద్రతను బట్టి నక్షత్రములిచ్చు భారత్ ఎన్‌క్యాప్ లెక్క కూడ వచ్చినది. బరువు పెరుగకుండ మనుష్యులు కూర్చుండు గది దృఢము కావలెనన్నచో ఉక్కే మారవలెను. తలుపుల నడిమి స్తంభమునకును, గుమ్మపు అంచులకును పెక్కు కార్లయందు బోరాన్ కలిపిన ఉక్కును వాడుచున్నారు. దానియందు కర్బనము సుమారు 0.22 శాతము, 900 డిగ్రీలకు పైగా కాల్చి, నీటితో చల్లబరచిన అచ్చులోననే నొక్కి, ఆ అచ్చులోననే గట్టిపరచుదురు. దాని బలము సుమారు 1500 మెగాపాస్కళ్ళు, సాధారణ రేకునకు ఎన్నో రెట్లు. దీనిని చల్లగా లాగినచో పై రెంటికంటెను ఎక్కువగా వెనుకకు జారును, పట్టుబట్టి లాగినచో చిట్లును. కాల్చి వంచినచో మాత్రము సులభముగా లొంగును. మోసము అక్కడనే యున్నది. కాల్చిన చోట దాని గట్టిదనము శాశ్వతముగా పోయి, ఆ స్తంభము మామూలు ఇనుమై నిలుచును. చూపునకు తిన్నగా నుండును, రంగు వేసిన తరువాత మరి అందముగా నుండును, ఇంకొకమారు ప్రక్క నుండి లారీ తగిలినపుడు లోనికి వచ్చును. కావున అట్టి భాగమును తిన్నగా చేయు ప్రశ్నయే లేదు; కోసి తీసి, కొత్తది కంపెనీ చెప్పిన చోట, చెప్పిన విధముగా అతుకవలెను. తండ్రి చేతి విద్యగా మంటను నేర్చిన మేస్త్రికి ఈ మాట కష్టముగా నుండుట సహజము. ఏ దూలము ఏ ఉక్కుతో చేసినదో తెలుపు పటములు కంపెనీల వద్ద నున్నవి, అవి పెద్ద షోరూముల గోడలు దాటి చిన్న షెడ్డుల వరకు రాకుండుట మాత్రము నిజమైన అన్యాయము.

బాపట్లవారికి మరియొక చిక్కు కలదు. సూర్యలంక తీరము నుండి వీచు ఉప్పుగాలి ఇనుమునకు శత్రువు. తుప్పునకు నీరును, ప్రాణవాయువును చాలును. ఉప్పు ఆ చర్యను త్వరపరచును. కర్మాగారమునందు రేకునకు జింకు పూత యుండి, తాను ముందు నశించి ఇనుమును కాపాడును. వెల్డింగు చేసినపుడు ఆ జింకు నిలువదు; అది 907 డిగ్రీలకే ఆవిరియగును, ఉక్కు కరుగుటకు 1500 డిగ్రీల ప్రాంతము కావలెను గదా. అతుకు వేసిన దూలము లోపలివైపు, ఎవరి కంటికిని కనబడని చోట, నగ్నమైన ఇనుము మిగులును. వెలుపల ఎన్ని పూతలు వేసినను లోపలికి మైనపు ద్రవమును పిచికారీ చేయనిచో రెండు మూడు వానకాలములలో తుప్పు లోపలి నుండి వెలుపలికి వచ్చును. లప్పము సంగతియు ఇట్టిదే. రేకు చదును చేయుటకు ఓపిక లేనివాడు లప్పముతో పల్లము నింపును. మూడు మిల్లీమీటర్ల లోపు పొర నిలుచును గాని, వ్రేలి మందమున పూసినది తేమను పీల్చుకొని, ఎండకు రేకుతో సమముగా వ్యాకోచింపలేక పగులును.

అన్ని బండ్లును చక్కబడవు. మరమ్మతు ఖర్చు బీమా పత్రములో వ్రాసిన విలువలో 75 శాతమును మించినచో బీమావారు దానిని సంపూర్ణ నష్టముగా లెక్కింతురు. అట్టి బండి తుక్కునకు పోవును. తెనాలివారి తుక్కునకు మాత్రము ఇంకొక దారియు కలదు. ఆ ఊరి సూర్య శిల్పశాలలో కాటూరి వేంకటేశ్వరరావు గారును, ఆయన కుమారుడు రవిచంద్ర గారును బండ్ల తుక్కును కూర్చి విగ్రహములు చేయుచున్నారు. 75 వేల నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహమును, తుక్కు ఇనుముతో 14 అడుగుల నరేంద్ర మోదీ విగ్రహమును వారు చేసినవే. టింకరు మేస్త్రి చేతులెత్తిన ఇనుమునకు అంతకంటె మంచి గతి నాకు తెలియదు.

పాఠకులకు ఒక విన్నపము. మీ బండి గుద్దుకొని షెడ్డు చేరినచో, రంగు వేయకముందే ఒకసారి స్వయముగా పోయి చూడుడు. రంగు పడిన తరువాత చూచునది ఏమియు లేదు. చిన్న అయస్కాంతమును వెంట తీసికొని పోయి, బాగుచేసిన రేకుపై ఆనించుడు. చుట్టుప్రక్కల అంటినట్లు అక్కడ అంటనిచో లప్పము మందముగా నున్నదని గ్రహింపుడు (ప్లాస్టిక్ బంపరుపై అది ఎట్లును అంటదు). ఏయే భాగములను మంటతో కాల్చినదియు, ఏవి మార్చినదియు మేస్త్రిని అడుగుడు; నడిమి స్తంభమును కాల్చి వంచితిమన్నచో బండి తీసికొనకుడు. లాగుటకు ముందు కొలతలును, తరువాతి కొలతలును, చక్రముల అలైన్‌మెంటు చీటీయు ఒక కాగితముపై వ్రాసి యిమ్మనుడు. అది వ్రాసి యిచ్చు మేస్త్రికి అడిగిన కూలి బేరమాడక యిండు.